బోర్డా, షీటా, సాఫ్ట్‌వేరా: సేవలు అమ్మే సంస్థలో మనుషుల సమయాన్ని పంచడానికి ఏది తగినది?

సోమవారం ఉదయం. ఒక డిజైనరు మూడు పనుల గడువులు ఒకేసారి మీద పడి తల ఎత్తడం లేదు. పక్క కుర్చీలోని డిజైనరుకు క్లయింటు నుంచి రావలసిన జవాబు రాలేదు. పాత ఫైళ్లు సర్దుకుంటూ పొద్దుపుచ్చుతున్నాడు. ఇద్దరి మధ్య దూరం నాలుగు అడుగులు. ఆమె పనిలో కొంత అతడు అందుకోవచ్చన్న సంగతి మేనేజరుకు తట్టేది గురువారం. అప్పటికి ఒక గడువు దాటిపోయి ఉంటుంది.

సేవలు అమ్మే సంస్థలన్నిటిలోనూ ఈ దృశ్యం ఏదో ఒక రూపంలో కనిపిస్తుంది. వస్తువులు తయారు చేసేవారికి ఇవాళ అమ్ముడుపోని సరుకు రేపటికి గోదాములో ఉంటుంది. మనం అమ్మేది మనుషుల గంటలు. మంగళవారం మధ్యాహ్నం ఊరికే పోయిన మూడు గంటలను బుధవారానికి దాచిపెట్టే గోదాము ఎక్కడా లేదు. అందుకే ఎవరు, ఎప్పుడు, ఏ పని మీద ఉంటారో ముందే రాసిపెట్టుకునే పద్ధతి ఒకటి కావాలి. గోడమీది బోర్డు, స్ప్రెడ్‌షీటు, ఉమ్మడి క్యాలెండరు, పనికార్డుల బోర్డు, అన్నీ కలిసిన సాఫ్ట్‌వేరు: ఎంత వెతికినా ఎంపికలు ఈ అయిదింటి చుట్టూనే తిరుగుతాయి. పనులు పంచే కుర్చీలో కూర్చుని ఈ అయిదూ వాడాను, రెండింటితో బాగా దెబ్బతిన్నాను. రెండుసార్లూ తప్పు మాదే. మా పని తీరు ఏమిటో చూసుకోకుండా, పక్కవారు వాడుతున్నారని తెచ్చుకున్నాం.

## ఏది ఎంచుకున్నా ముందు వేయాల్సిన లెక్క

వారానికి 40 గంటలు, ఏడాదికి 52 వారాలు. మనిషికి 2,080 గంటలు. చాలా ప్రణాళికలు ఇక్కడే మొదలై ఇక్కడే ముగుస్తాయి.

ఇప్పుడు తీసివేతలు చేద్దాం. పనిదినాలు 260. సొంత సెలవులు, జబ్బు సెలవులు, అందరికీ ఉండే సెలవులు కలిపి 35 రోజులు పోయాయనుకుంటే మిగిలేవి 225 రోజులు, అంటే 1,800 గంటలు. రోజుకు ఒక గంటన్నర సమావేశాలకు, ఈమెయిళ్లకు, కొత్తవారికి పని నేర్పడానికి పోతుంది. రోజుకు ఆరున్నర గంటల చొప్పున చివరికి చేతికి వచ్చేవి దాదాపు 1,460 గంటలు. మొదట రాసుకున్న అంకెలో 70 శాతం.

పదిమంది ఉన్న సంస్థ మనిషికి 2,080 గంటలు లెక్కగట్టి పనులు ఒప్పుకుంటే, పద్నాలుగు మంది చేయాల్సిన పని నెత్తిన పెట్టుకున్నట్టే. లేని ఆ నలుగురూ ఎక్కడి నుంచి వస్తారు? రాత్రుళ్ల నుంచీ సెలవు రోజుల నుంచీ వస్తారు. ఏడాది తిరిగేసరికి రాజీనామాల రూపంలో వెళ్లిపోతారు.

సెలవులు, సమావేశాలు మీ దగ్గర వేరుగా ఉండవచ్చు. మీ అంకెలతో మీరే వేసుకోండి, కాగితం మీద అరగంట పని. ఈ లెక్క తప్పితే ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేరైనా ఆ తప్పునే రంగురంగుల పట్టీల్లో అందంగా చూపిస్తుంది.

## అందరికీ ఎప్పుడూ చేతినిండా పని ఉండాలా?

ఉత్పాదకత అనగానే చూపు ఖాళీ గంటల మీద పడుతుంది. వాటిని సున్నాకు తేవాలనిపిస్తుంది. ఆ పని చేస్తే ఏమవుతుందో వందేళ్ల కిందటే తేలింది. కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఏ.కె. ఎర్లాంగ్ 1909లో మొదలుపెట్టి 1917 నాటికి, కాల్స్ ఎప్పుడు పడితే అప్పుడు వచ్చే చోట లైన్లు నిండేకొద్దీ ఎదురుచూపు ఎలా పెరుగుతుందో సూత్రాలుగా రాసిపెట్టాడు.

అదే లెక్కను మనుషులకు వర్తింపజేసి చూద్దాం. పని చేసేది ఒక్కరే. ఒక్కో పనికి సగటున ఒక రోజు పడుతుంది, కానీ ఏ పని ఎప్పుడు వస్తుందో, ఎంతసేపు పడుతుందో ముందుగా తెలియదు. ఆ మనిషి సమయం 50 శాతం నిండి ఉంటే కొత్తగా వచ్చిన పని మొదలవడానికి సగటున ఒక రోజు ఆగాలి. 80 శాతం నిండితే నాలుగు రోజులు, 90 అయితే తొమ్మిది, 95 అయితే పంతొమ్మిది. 90 నుంచి 95కు పోయి అయిదు శాతం ఖాళీని పిండుకున్నందుకు క్లయింటు అదనంగా పది రోజులు ఎదురుచూశాడు.

పనులన్నీ నెలల ముందే ఖరారయ్యే సంస్థలో ఈ వాలు ఇంత నిటారుగా ఉండదు. అక్కడ 85 శాతం దాకా నింపినా నడుస్తుంది. ఉన్నట్టుండి ఫోను వచ్చే మరమ్మతుల సంస్థలో అదే అంకె పెడితే వారంలో సగం రోజులు క్షమాపణలు చెప్పుకోవడానికే సరిపోతుంది. కాబట్టి మీరు ఎంచుకునే సాధనం ఎవరు నిండిపోయారో చూపడంతో పాటు, కావాలని ఎంత ఖాళీ వదిలారో కూడా చూపగలగాలి. ఈ రెండోది చాలావాటికి చేతకాదు. ఖాళీ గడి కనిపిస్తే ఎర్రరంగు వేసి మేనేజరును కంగారు పెడతాయి.

ఇంకో భాగహారం కూడా దగ్గర పెట్టుకోండి. జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రం ఇది: చేతిలో ఉన్న పనుల సంఖ్యను వారానికి పూర్తయ్యే పనులతో భాగిస్తే, ఒక పని లోపలికి వచ్చి బయటికి వెళ్లడానికి సగటున పట్టే వారాలు వస్తాయి. చేతిలో 30 పనులు, వారానికి పూర్తయ్యేవి 5. అంటే ఆరు వారాలు. కొత్త క్లయింటుకు ఫోనులో "రెండు వారాల్లో ఇచ్చేస్తాం" అని మాటిచ్చే ముందు ఈ భాగహారం గుర్తుకు రావాలి. రెండు వారాల్లో ఇవ్వలేమని కాదు. వరుసలో ముందున్న ఎవరినో వెనక్కి నెట్టాలి. ఎవరిని నెడుతున్నారో ఆ ఫోను పెట్టేలోపే కళ్లకు కట్టే ప్రణాళిక ఉంటే మంచి ప్రణాళిక ఉన్నట్టు.

## సాధనాన్ని కొలిచే ప్రశ్నలు

అమ్మకందార్ల పత్రాల్లో సౌకర్యాల జాబితా చాంతాడంత ఉంటుంది. నాకు అయిదు ప్రశ్నలు చాలు. వాటిలోనూ మూడోది మిగతా నాలుగింటి కంటే బరువైనది.

మీ పని ఏ ముక్కగా వస్తుంది? ఫలానా గంటకు ఫలానా మనిషి అనే అపాయింట్‌మెంటా, వరుసలో నిలబడే ఫిర్యాదా, నెలల తరబడి నడిచే ప్రాజెక్టా? చాలా సంస్థల్లో రెండు రకాలు కలిసి ఉంటాయి. ఎక్కువ డబ్బు తెచ్చేది ఏదో దాన్ని బట్టి చూడండి.

ఎంత ముందుకు చూడాలి? రేపటి సంగతి తెలిస్తే చాలునా, వచ్చే మూడు నెలలు కనిపించాలా? మనిషిని తీసుకోవాలా వద్దా అనే నిర్ణయానికి మూడు నెలల చూపు కావాలి. రేపు ఎవరు ఎక్కడికి వెళ్లాలో చెప్పడానికి అంత అక్కరలేదు.

దాన్ని ఎవరు రాస్తారు, రాసినందుకు వారికేమిటి? ప్రణాళికలు చెడేది ఇక్కడే. రాసేది ఒకరు, లాభపడేది ఇంకొకరు అయితే మూడో వారానికి రాత ఆగిపోతుంది. ఆగిపోయిన ప్రణాళిక అసలు లేనిదాని కంటే ప్రమాదం, ఎందుకంటే దాన్ని నమ్మి మాటలిస్తాం. టెక్నీషియను తన పని వివరం నింపితే రేపు తన దారిలోనే ఉన్న ఇల్లు తనకు పడుతుందని తెలిస్తే నింపుతాడు. పైవారి నివేదిక కోసమే అయితే శుక్రవారం సాయంత్రం అయిదు రోజులదీ ఒకేసారి, గుర్తున్నంత మేరకు రాసి పంపేస్తాడు.

ఒకరి పని ఇంకొకరు చేయగలరా? అందరూ అన్నీ చేసేచోట పేర్లు చాలు. లైసెన్సు ఉన్నవారే సంతకం పెట్టాల్సిన పని, ఒక్కరికే తెలిసిన యంత్రం ఉన్నచోట నైపుణ్యాలను కూడా రాసుకోవాలి.

గంటలకు, బిల్లుకు ముడి ఉందా? గంటల లెక్కన వసూలు చేసేవారికి ప్రణాళిక, హాజరు, బిల్లు ఒకదానితో ఒకటి సరిపోవాలి. పనికింత అని ముందే ధర చెప్పేవారికి ఇది అంత అవసరం కాదు. అయితే ఏ పని మీద నష్టపోతున్నారో వారికి అసలు తెలియకుండా పోయే ప్రమాదం ఉంది.

## గోడమీది బోర్డు

ఎడమవైపు పేర్లు, పైన రోజులు, గళ్లలో పనులు. ఒకే గదిలో పనిచేసే ఏడెనిమిది మందికి దీన్ని మించింది లేదు. లోపలికి వచ్చే ప్రతివారూ చూస్తారు. తప్పు ఉంటే అక్కడికక్కడే తుడిచి రాస్తారు. మూడో ప్రశ్నకు ఇంత మంచి జవాబు ఇచ్చే సాధనం మరొకటి లేదు, ఎందుకంటే రాసేవారూ చూసేవారూ ఒకరే.

గది దాటితే పనికిరాదు. బయట తిరిగే సిబ్బందికి కనిపించదు. తుడిచేసిన వారం చరిత్రలో ఉండదు కాబట్టి పోయిన నెల ఎక్కడ తప్పామో చెప్పదు. ఫొటో తీసి పంపుకుందామనే ఆలోచన అందరికీ వస్తుంది. ఆ ఫొటో తీసిన పది నిమిషాలకే బోర్డు మారిపోతుంది.

## స్ప్రెడ్‌షీటు

1979లో విజికాల్క్ అనే స్ప్రెడ్‌షీటు ప్రోగ్రాము వచ్చినప్పటి నుంచి గళ్ల కాగితం కంప్యూటర్‌లోకి చేరింది. అప్పటి నుంచి మనుషుల సమయం పంచడానికి లోకమంతా ఎక్కువగా వాడుతున్నది ఇదేనంటే నేను నమ్ముతాను. కారణం సులువు. ఇప్పటికే ఉంది, అందరికీ కొంత వచ్చు, ఏ ఆకారంలో కావాలంటే ఆ ఆకారంలోకి వంగుతుంది. "ఈ పని ఒప్పుకుంటే ఏమవుతుంది?" అని రెండు అంకెలు మార్చి చూసుకోవడానికి ఇప్పటికీ ఇంతకంటే వేగమైనది లేదు.

దీని దోషం తప్పు జరిగినప్పుడు చప్పుడు చేయకపోవడం. మేం ఒకసారి పేర్ల నిలువు వరుసను మాత్రమే ఎంచుకుని అక్షరక్రమంలో పేర్చాం. పేర్లు కదిలాయి, పక్కనున్న తేదీలు, చిరునామాలు కదలలేదు. షీటు చూడటానికి నిక్షేపంలా ఉంది. మర్నాడు ఉదయం ఇద్దరు టెక్నీషియన్లు ఒకరి పనికి ఇంకొకరు వెళ్లారు. ఒకరి దగ్గర కావలసిన పనిముట్లు కూడా లేవు. ఫోన్లు మోగేదాకా మాకు తెలియలేదు. ఇంతకంటే పెద్దవారికీ ఇదే గతి పట్టింది. 2020లో ఇంగ్లండులో ప్రజారోగ్య అధికారులు కోవిడ్ కేసులు చేర్చడానికి వాడిన ఎక్సెల్ ఫైలు పాత తరహాది. అందులో 65,536 వరుసలకు మించి పట్టవు. నిండిన తర్వాత వచ్చినవి రాలిపోయాయి, 15,841 కేసులు రోజువారీ లెక్కలో చేరలేదు. మీ సిబ్బంది పట్టిక అంత పొడుగు ఉండదు, కానీ స్వభావం అదే.

రెండో దోషం మనిషికి సంబంధించింది. ఆ షీటు తయారు చేసిన ఒక్కరికే దాని గుట్టు తెలుస్తుంది. పసుపు గడి అంటే ఖరారైనదా, ఖరారు కావలసినదా? తయారు చేసినవారు సెలవు పెడితే సంస్థ అంతా ఆ పసుపు వైపు చూస్తూ కూర్చుంటుంది.

ఇదే మీ ఎంపిక అయితే నాలుగు కట్టుబాట్లు పెట్టుకోండి. మనిషికి ఒక అడ్డ వరుస, వారానికి ఒక నిలువు వరుస. అరపూట కంటే చిన్న ముక్క రాయవద్దు. అర్థాన్ని రంగుకు అప్పగించకుండా అక్షరంతో రాయండి. ఖరారైన పనులు, ఇంకా మాటల్లోనే ఉన్న పనులు వేర్వేరు చోట్ల ఉండాలి.

ఈ చివరిదాని దగ్గర కాసేపు ఆగాలి. సంతకం కాని ఒప్పందానికి మనిషిని కేటాయించడం ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టే. అయినా అసలు రాయకపోతే అన్నీ ఒకేసారి ఖరారైనప్పుడు మునిగిపోతాం. మధ్యేమార్గంగా చాలామంది శాతాలు వాడతారు. మూడు కొటేషన్లు బయట ఉన్నాయి, ఒక్కోటీ వచ్చే అవకాశం సగం, ఒక్కోదానికి ఒక మనిషి కావాలి. కాబట్టి ఒకటిన్నర మందిని పక్కన పెడదాం అంటారు. ఒకటిన్నర మంది అవసరమయ్యే రోజు ఎప్పటికీ రాదు. ఎనిమిది సందర్భాల్లో ఒకసారి ఎవరూ అక్కరలేదు, మూడుసార్లు ఒకరు కావాలి, మూడుసార్లు ఇద్దరు, ఒకసారి ముగ్గురు. అంటే ఒక్కరినే సిద్ధంగా ఉంచితే సగం సార్లు మనుషులు చాలరు. కొటేషన్లు ఇరవై, ముప్పై ఉండే పెద్ద సంస్థలకు శాతాల లెక్క బాగానే పనిచేస్తుంది. రెండు మూడు ఉండే చిన్న సంస్థ "మూడూ వస్తే ఎవరిని ఎక్కడి నుంచి తీస్తాం?" అని విడిగా రాసిపెట్టుకోవడం మేలు.

## ఉమ్మడి క్యాలెండరు

అపాయింట్‌మెంట్ల మీద నడిచే సంస్థకు మొదట చూడాల్సింది ఇది. ఎవరి క్యాలెండరులో వారి పని, పైవారికి అందరిదీ ఒకేచోట. ఫోనులోనే కనిపిస్తుంది, మారితే వెంటనే తెలుస్తుంది, ఒకే గంటకు ఇద్దరు క్లయింట్లను పెడితే కళ్లముందే ఒకదానిమీద ఒకటి ఎక్కుతాయి.

గంటలు కూడిపెట్టడం దీనికి రాదు. వచ్చే నెల ఎవరు ఎంత శాతం నిండారో చెప్పదు. ప్రయాణ సమయం మీరే ఒక పనిగా రాయాలి. చాలామంది రాయరు, అందుకే పది గంటల పని పదిన్నరకు, పదిన్నర పని పదకొండుంబావుకు జారి, సాయంత్రానికి చివరి క్లయింటు గంటన్నర ఎదురుచూస్తాడు. రోజుకు ఒక ఖాళీ గడిని ముందే మూసి ఉంచితే ఈ జారుడు అక్కడ ఆగిపోతుంది.

## పనికార్డుల బోర్డు

జపాన్‌లో టొయోటా కర్మాగారాల్లో తైయిచి ఓనో రూపుదిద్దిన కాన్‌బాన్ పద్ధతి నుంచి వచ్చింది. ఒక్కో పనికి ఒక కార్డు. "రావాల్సినవి", "జరుగుతున్నవి", "అయినవి" అనే వరుసల్లో అది ఎడమ నుంచి కుడికి కదులుతుంది. ట్రెల్లో వంటి సాఫ్ట్‌వేర్లు ఈ ఊహకు తెర మీది రూపాలు.

చాలామంది కార్డులు పెట్టి అసలు సంగతి వదిలేస్తారు. "జరుగుతున్నవి" వరుసలో ఇన్నింటికి మించి ఉండకూడదన్న హద్దు ఈ పద్ధతికి ప్రాణం. లిటిల్ భాగహారం గుర్తుంది కదా: చేతిలో ఉన్నవి తగ్గితే ఒక్కో పనికి పట్టే కాలం తగ్గుతుంది. హద్దు లేని బోర్డు ఆలస్యాల ప్రదర్శనశాల అవుతుంది.

ఫిర్యాదులు, చిన్న చిన్న అభ్యర్థనలు వరుసగా వచ్చేచోట ఇది చక్కగా నప్పుతుంది. పని ఎక్కడ ఆగిందో చెబుతుంది. వచ్చే నెల మనిషి ఎంత ఖాళీ అన్నది మాత్రం చెప్పదు. ఇది పనిని చూపే సాధనం, మనుషులను చూపేది కాదు. మేం దెబ్బతిన్న రెండో సందర్భం ఇదే. నెలల తరబడి నడిచే ప్రాజెక్టులను కార్డులుగా పెట్టి, ఎవరికి ఎంత పని ఉందో ఇందులో కనిపిస్తుందని ఎదురుచూశాం.

## అన్నీ కలిసిన సాఫ్ట్‌వేరు

కొటేషను, మనుషుల కేటాయింపు, అయిన గంటలు రాసే టైమ్‌షీటు, బిల్లు ఒకే దారంలో గుచ్చేవి ఇవి. ప్రాజెక్టులు నడిపే మధ్యస్థాయి సంస్థకు వీటి బలం నిజమైనది. అమ్మకాల విభాగం కొటేషను పెట్టగానే మూడు నెలల తర్వాత ఎవరు చాలరో కనిపిస్తుంది. ఫలానా నైపుణ్యం ఉన్నవారు ఎవరు ఖాళీ అని అడిగితే జాబితా వస్తుంది. అనుకున్న గంటలకు, అయిన గంటలకు తేడా ప్రాజెక్టు నడుస్తుండగానే తెలుస్తుంది, ముగిశాక కాదు. ఇరవై అయిదు మంది దాటి, ఒక్కొక్కరు రెండు మూడు ప్రాజెక్టుల్లో ఉన్నప్పుడు షీటుతో ఈ పని చేయడం గాలిని మూటకట్టడమే.

చందా మనిషికింత అని ఉంటుంది కాబట్టి ఖర్చు కళ్లకు కనిపిస్తుంది. కనిపించని ఖర్చు వేరే ఉంది. నైపుణ్యాల జాబితా ఎవరో ఒకరు తాజాగా ఉంచాలి. ప్రతి ప్రాజెక్టు మారిన తేదీలను ఎవరో ఒకరు దిద్దాలి. అది వారానికి కొన్ని గంటల పని, దానికో మనిషి పేరు ఉండాలి. "అందరూ చూసుకుంటారు" అంటే ఎవరూ చూసుకోరు. ఇల్లు అలకగానే పండగ కాదు.

టైమ్‌షీటు గురించి ఒక మాట. న్యాయవాద సంస్థల్లో గంటను పది ముక్కలు చేసి ఆరేసి నిమిషాల చొప్పున రాసే అలవాటు ఉంది. గంటల మీద బిల్లు వేసేవారికి అంత సూక్ష్మత అవసరమేమో. మిగతావారు ఆ తూకం పెట్టుకుంటే కల్పన పుడుతుంది. మంగళవారం 3 గంటల 42 నిమిషాలు అని రాసి ఉంటే నాకు అనుమానమే వస్తుంది. అరగంట ముక్కలు చాలు, ఆ రోజుది ఆ రోజే రాయాలి. పైగా ఎవరెంత నిండారన్న అంకెనే మెచ్చుకోలుకు కొలబద్ద చేస్తే, రెండు గంటల పని నాలుగు గంటలు అవుతుంది. అంకె పెరుగుతుంది, పని పెరగదు.

ఇంకో ఉచ్చు ఈ సాఫ్ట్‌వేర్లలో చాలా సులువుగా పడేది. ఒక మనిషిని 50 శాతం ఈ ప్రాజెక్టుకు, 50 శాతం ఆ ప్రాజెక్టుకు పెట్టడానికి మౌసు రెండుసార్లు కదిపితే చాలు. తెర మీద మొత్తం 100. ఆ మనిషికి మాత్రం రెండు సమావేశాలు, ఇద్దరు అడిగేవారు, ఒకదాని నుంచి ఇంకోదానికి మనసు మళ్లించుకునే సమయం. సగం సగం కంటే ఈ వారం అది, వచ్చే వారం ఇది అని పెడితే రెండూ త్వరగా తెములుతాయి. కనీసం ఒకటైనా ముందే తెములుతుంది.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| కొలబద్ద | గోడ బోర్డు | స్ప్రెడ్‌షీటు | క్యాలెండరు | కార్డుల బోర్డు | అన్నీ కలిసిన సాఫ్ట్‌వేరు |
|---|---|---|---|---|---|
| ఏ పనికి నప్పుతుంది | ఒకే గదిలో ఏ పనైనా | ప్రాజెక్టులు | అపాయింట్‌మెంట్లు | ఫిర్యాదులు, అభ్యర్థనలు | ప్రాజెక్టులు |
| ఎంత ముందుకు చూపు | వారం | నెలలు | రోజులు, వారాలు | ఈరోజు | నెలలు |
| తాజాగా ఉంచడం | చాలా సులువు | కష్టం, ఒకరి మీదే భారం | సులువు | సులువు | దానికంటూ మనిషి ఉంటేనే |
| నైపుణ్యాల వెతుకులాట | అందరికీ నోటికి వచ్చి ఉండాలి | వీలే, ఓపిక కావాలి | లేదు | పెద్దగా లేదు | బాగుంటుంది |
| బిల్లుతో ముడి | లేదు | చేత్తో కలపాలి | లేదు | లేదు | ఉంది |
| తప్పు బయటపడేది | వెంటనే | చాలా ఆలస్యంగా | వెంటనే | పని ఆగినప్పుడు | రాత తాజాగా ఉంటే త్వరగా |

## ఎవరు ఏ వైపు మొగ్గవచ్చు

అయిదారుగురితో మొదలైన సంస్థ అయితే బోర్డు, క్యాలెండరు కలిపి వాడండి. ఈ స్థాయిలో పెద్ద సాఫ్ట్‌వేరు తేవడం తా దూర కంత లేదు మెడకో డోలు సామెతకు ఉదాహరణ అవుతుంది.

ఇళ్లకు, కార్యాలయాలకు వెళ్లి మరమ్మతులు చేసేవారికి అసలు సమస్య దారి. ఎవరు ఏ వైపు ఉన్నారో తెలియాలి. పదిమంది దాకా క్యాలెండరు చాలు. దాటితే దారి కూడా లెక్కవేసే సాఫ్ట్‌వేరు దండగ కాదు. నింపడం ఫోనులో రెండు నొక్కుల్లో అయిపోవాలి. ఎండలో, ఒక చేత్తో పనిముట్ల సంచి పట్టుకుని నింపగలరా అన్నది పరీక్ష.

ప్రాజెక్టులు చేసే డిజైను, ఆడిటు, సాఫ్ట్‌వేరు, సలహా సంస్థలు పదిహేను మంది లోపు ఉంటే క్రమశిక్షణ ఉన్న షీటు సరిపోతుంది. పదిహేను నుంచి ఇరవై అయిదు మధ్య నిర్ణయం నిజంగా కష్టం. అక్కడ నేను అడిగే ప్రశ్న ఒకటే: పోయిన మూడు నెలల్లో ఒకే మనిషిని రెండు చోట్లకు మాటిచ్చిన సందర్భాలు ఎన్ని? ఒకటో రెండో అయితే షీటును బాగుచేసుకోండి. నెలకు రెండు మూడుసార్లు జరుగుతుంటే మారే వేళ వచ్చింది.

సహాయ కేంద్రాలకు, ఐటీ సేవల బృందాలకు కార్డుల బోర్డు, దానికో హద్దు. అదే బృందం ప్రాజెక్టులు కూడా చేస్తుంటే మనుషులను రెండు ముక్కలు చేయకుండా, వారంవారం ఒకరిని ఫిర్యాదులకే కేటాయించండి. మిగతావారు తలుపు మూసుకుని ప్రాజెక్టు చేసుకుంటారు.

పైసా ఖర్చు లేకుండా దొరికేది ఇంకోటి ఉంది, దాన్ని ఎవరూ అమ్మరు కాబట్టి ఎవరూ చెప్పరు. ఇద్దరు మనుషులు, ఇద్దరూ 80 శాతం నిండి ఉన్నారు. ఎవరి క్లయింట్లు వారివే అయితే ఎర్లాంగ్ లెక్కన ఎదురుచూపు నాలుగు రోజులు. అదే ఇద్దరూ ఒకే వరుసలోంచి పనులు తీసుకుంటే ఎదురుచూపు రెండు రోజుల లోపుకు, దాదాపు 1.8కి పడిపోతుంది. మనుషులు వారే, పనీ అంతే. ఒకరి పని ఇంకొకరికి నేర్పడానికి కొన్ని వారాలు పోతాయి. తన క్లయింటును వదులుకోవడానికి మొదట్లో ఎవరికీ మనసొప్పదు, అది కూడా లెక్కలో పెట్టుకోవాలి. అయినా నేనైతే సాఫ్ట్‌వేరు కంటే ముందు దీన్ని ప్రయత్నిస్తాను.

## కొనే ముందు, మారేటప్పుడు

అమ్మకందారు చూపే నమూనాలో అన్నీ సజావుగా ఉంటాయి, ఎవరూ సెలవు పెట్టరు. అది చూసి తేల్చుకోకండి. పోయిన ఏడాదిలో మీకు అన్నిటికంటే అధ్వానంగా గడిచిన వారం ఒకటి ఉంటుంది: ఇద్దరికి జ్వరం, ఒక గడువు ముందుకు జరిగింది, ఒక క్లయింటు అరిచాడు. ఆ వారాన్ని ఉన్నదున్నట్టు కొత్త సాధనంలో నింపండి. సోమవారానికి మీకు తెలిసినవి మాత్రమే సోమవారం నింపాలి, మంగళవారానివి మంగళవారం. ఆ క్లయింటు అరిచింది గురువారం అయితే, బుధవారం సాయంత్రానికైనా తెర మీద ఆ సూచన కనిపించాలి. కనిపించకపోతే మిగతా సౌకర్యాలు చూడనక్కరలేదు.

మారడం ఖాయం చేసుకున్నాక పాత షీటును చదవడానికి మాత్రమే తెరుచుకునేలా తాళం వేయండి. రెండూ కలిపి నడుపుదామన్న మాట ప్రతి సంస్థలోనూ వినిపిస్తుంది. రెండు వారాలకు మించి ఒప్పుకోవద్దు. రెండు చోట్ల రాయాల్సి వస్తే జనం అలవాటైన చోటే రాస్తారు, కొత్తది ఖాళీగా ఉందని మీరు చందా రద్దు చేసుకుంటారు. ఆ రెండు వారాలూ ప్రతి సోమవారం పదిహేను నిమిషాలు అందరూ కొత్త తెర ముందే కూర్చుని, ఆ వారం ఎవరి మీద ఎక్కువ పడిందో చూసి అక్కడికక్కడే మార్చాలి. పక్క కుర్చీలో ఫైళ్లు సర్దుకుంటున్న డిజైనరు కంటపడేది ఆ పదిహేను నిమిషాల్లోనే.